కార్యాలయంలో కరెంటు లెక్క

పట్నంలో ఒక చిన్న గది అద్దెకు తీసుకొని వ్యాపార కార్యాలయం తెరవదలచిన వారికి విద్యుత్ సంస్థవారి దరఖాస్తులో ఒక ప్రశ్న ఎదురగును: మీకు కావలసిన లోడు ఎంత? పేరు, చిరునామా, ఇంటి యజమాని అంగీకారం మొదలైన గళ్ళన్నీ తడుముకోకుండా నింపేవారు ఈ గడి దగ్గరకు వచ్చేసరికి కలం ఆపుదురు. చాలామంది దానిని వైరింగు పనివానికే వదలివేయుదురు. అతడు గదిని ఒకసారి కలయజూచి, అలవాటైన అంకె ఏదో చెప్పును. ఆ అంకె తక్కువైనచో నడివేసవిలో, పని ముమ్మరంగా ఉన్న వేళ, ఫ్యూజు పోవును. ఫ్యూజు తన పని తాను చేయని చోట గోడలోని తీగ కాలును. అంకె ఎక్కువైనచో ఎన్నడూ వాడని శక్తికి నెలనెలా రుసుము చెల్లించవలసి వచ్చును.

ఈ ఒక్క అంకె వెనుక నూట నలభై ఏళ్ళకు పైబడిన చరిత్ర ఉన్నది. ఆ చరిత్రలో మనుష్యులు మూడు ప్రశ్నలు వేసుకున్నారు. గదిలో అమర్చినవన్నీ ఒకేసారి వెలుగునా? వెలిగిన వేళ తీగ ఆ భారాన్ని మోయగలదా? ఆ భారానికి సిద్ధంగా ఉన్నందుకు అయ్యే ఖర్చు ఎవరు భరించవలెను? ఈ మూడింటిలో ఏ ఒక్కటి విడిచినా లెక్క తప్పును. ఈ మూడు ప్రశ్నలూ మొట్టమొదట తలెత్తినది రాజప్రాసాదాలలో కాదు, కర్మాగారాలలోనూ కాదు. గుమాస్తాలు, లెక్కల పుస్తకాలు, బల్లలు, దీపాలు గల మామూలు వ్యాపార కార్యాలయాలలోనే.

ముందుగా లోడు అనగా ఏమో చెప్పుకోవలెను. చెరువు తూము క్రింద పిల్లకాలువను తలచుకొనండి. చెరువులో నీటి మట్టం ఎత్తును బట్టి ఒత్తిడి కలుగును. కాలువలో క్షణానికి పారే నీరు ప్రవాహం. ఒత్తిడి, ప్రవాహం రెండూ కలిసి చక్రాన్ని త్రిప్పే బలాన్ని నిర్ణయించును. విద్యుత్తులో ఒత్తిడిని వోల్టులలోను, ప్రవాహాన్ని ఆంపియర్లలోను కొలుచుదురు. ఈ రెంటినీ హెచ్చవేయగా వచ్చేది వాట్టులు. వెయ్యి వాట్టులు ఒక కిలోవాట్టు. తీగలోని ఒత్తిడికి, ప్రవాహానికి, నిరోధానికి గల సంబంధాన్ని జర్మనీ దేశపు గేయార్గ్ ఓమ్ 1827లో గ్రంథరూపంలో వెల్లడించినాడు. తీగలో పుట్టే వేడి ప్రవాహపు వర్గాన్ని బట్టి పెరుగునని ఇంగ్లండులో జేమ్స్ జూల్ 1841లో ప్రకటించినాడు. అనగా ప్రవాహం రెట్టింపైనచో వేడి నాలుగు రెట్లగును. మూడింతలైనచో తొమ్మిది రెట్లగును. కార్యాలయాలలో జరిగే ఎన్నో అగ్నిప్రమాదాలకు మూలం ఈ ఒక్క వాక్యంలో ఉన్నది. శక్తికి వాట్టు అనే కొలతను విలియం సీమెన్స్ 1882లో ప్రతిపాదించినాడు. ఆ యేడే న్యూయార్కు నగరంలో మన కథ ఒక కొలిక్కి వచ్చినది.

అప్పటికి ఆ నగరపు కార్యాలయాలలో బొగ్గు గ్యాసుతో దీపాలు వెలుగుచుండెను. విద్యుద్దీపాన్ని తయారుచేసిన థామస్ ఎడిసన్ దానిని అమ్మవలెనన్నచో ముందుగా గ్యాసుతో పోటీపడవలెను. దీపం ఒక్కటి ఉన్నంత మాత్రాన చాలదు. ఎన్ని దీపాలకు సరిపడే యంత్రం పెట్టవలెను, వీధిలో ఎంత లావు తీగ వేయవలెను అన్నది తేలవలెను. అందుకతడు నగరపు దక్షిణపు కొసను, అనగా వాల్ స్ట్రీట్, నాసో స్ట్రీట్, స్ప్రూస్ స్ట్రీట్, ఫెర్రీ స్ట్రీట్, ఈస్టు నది సరిహద్దులుగా గల భాగాన్ని ఎంచుకున్నాడు. బ్యాంకులు, దలాలీ వ్యాపారుల గదులు, పత్రికా కార్యాలయాలు, చిన్న దుకాణాలు అక్కడ క్రిక్కిరిసి ఉన్నవి. పెట్టుబడి పెట్టవలసిన ధనవంతుల బల్లలు కూడా అక్కడనే ఉన్నవన్న సంగతి అతనికి తెలియకపోలేదు.

అప్పుడు ఎడిసన్ చేసిన పని మన ప్రసంగానికి ప్రాణం వంటిది. అగ్నిప్రమాద బీమా సంస్థలు తయారుచేయించుకున్న పటాలు, ఏ భవనం ఎక్కడ ఉన్నదో చూపేవి, అతడు సంపాదించినాడు. తన మనుష్యులను ఇంటింటికీ పంపి ఎన్ని గ్యాసు దీపాలు ఉన్నవో, గ్యాసుకు ఎంత ఖర్చగుచున్నదో వ్రాయించినాడు. అంతటితో ఆగలేదు. మధ్యాహ్నం మొదలుకొని గంటగంటకు ఒక మనిషి వీధి వెంట నడచి, ఆ వేళకు ఏ ఏ గదులలో ఎన్ని దీపాలు వెలుగుచున్నవో గుర్తించవలెను. ఒకడు రెండు గంటలకు, మరియొకడు మూడు గంటలకు, ఈ విధంగా అర్ధరాత్రి దాటి రెండు మూడు గంటల వరకు లెక్క సాగినది. ఎన్ని దీపాలు ఉన్నవి అన్నది ఒక లెక్క. ఏ గంటకు ఎన్ని వెలుగుచున్నవి అన్నది వేరొక లెక్క. ఈ రెండూ వేరని గ్రహించుటయే విద్యుద్భారపు లెక్కకు తొలిమెట్టు.

నేటి ఇంజనీర్లు మొదటి దానిని అమర్చిన లోడు అనియు, రెండవ దానిలో అత్యధికమైన అంకెను గరిష్ఠ డిమాండు అనియు అందురు. రెండవ దానిని మొదటి దానితో భాగించగా వచ్చేది డిమాండు గుణకం. పది దీపాలు ఉన్న కార్యాలయంలో ఏ వేళనూ ఎనిమిదికి మించి వెలగకున్నచో ఆ గుణకం పదింట ఎనిమిది. పేర్లు తరువాత వచ్చినవి. లెక్క మాత్రం ఆ వీధులలో రాత్రివేళ నడచిన కాలిబాట మనుష్యుల చేతి పుస్తకాలలో మొదలైనది.

లెక్క తేలిన తరువాత రాగి సమస్య వచ్చినది. దీపం తక్కువ నిరోధం గలదైనచో ఎక్కువ ప్రవాహం కావలెను. ఎక్కువ ప్రవాహానికి లావు తీగ కావలెను. లావు తీగకు రాగి కావలెను. రాగి ఖరీదే వ్యాపారాన్ని ముంచివేయగలదు. అందుచేత ఎడిసన్ వంద ఓములకు పైబడిన నిరోధం గల సన్నని కర్బన తంతువును, నూటపది వోల్టుల ప్రాంతపు ఒత్తిడిని ఎంచుకున్నాడు. గణితంలో అతనికి కుడిభుజంగా ఉన్నవాడు ఫ్రాన్సిస్ అప్టన్ అనే పట్టభద్రుడు. అంతటితోనూ కష్టం తీరలేదు. యంత్రానికి దగ్గరగా ఉన్న కార్యాలయంలో దీపం జ్వాజ్వల్యమానంగా వెలుగును. వీధి చివరి కార్యాలయంలో అదే దీపం ఎఱ్ఱబారును. దారిలో తీగ నిరోధం ఒత్తిడిని తినివేయుటయే కారణం. ఇందుకు విరుగుడుగా దీపాలేవీ తగిలించని పోషక తీగలను యంత్రం నుండి నేరుగా వీధుల మధ్యకు కొనిపోయి, అక్కడి నుండి దీపాల తీగలకు శక్తిని పంచే పద్ధతి ఏర్పరచినారు. మన పొలాలలో పెద్దకాలువ పొలం మధ్యకు నీరు తెచ్చి, బోదెలకు పంచే తీరు వంటిదే ఇది.

ఏ తీగ ఎంత లావు ఉండవలెనో కాగితం మీద లెక్కించుట ఆనాడు తలకు మించిన పని. అందుచేత ఒకప్పుడు ఆస్ట్రియాలో తంతి శాఖలో పనిచేసిన హెర్మన్ క్లాడియస్ అనే అతడు ఎడిసన్ ప్రయోగశాలలో ఆ వీధులన్నింటికీ చిన్న నమూనా కట్టినాడు. తీగకు తీగ, దీపానికి బదులు నిరోధం, డైనమోకు బదులు బ్యాటరీ. నమూనాలో ఒత్తిడి ఎక్కడ పడిపోవునో చూచి అసలు వీధిలో రాగి ఎంత వేయవలెనో నిశ్చయించినారు. గడియారపు ముల్లు చూచి దీపాలు లెక్కించినవారు, బల్లమీద నగరాన్ని కట్టినవారు కలిసి చేసిన శాస్త్రమిది.

తరువాత 1883లో మూడు తీగల పద్ధతి వచ్చినది. ఇంగ్లండులో జాన్ హాప్కిన్సన్, అమెరికాలో ఎడిసన్, ఒకరితో ఒకరికి సంబంధం లేకుండా దీనిని కనిపెట్టినారు. రెండు డైనమోలను వరుసగా కలిపి, నడుమ ఒక తీగ తీసి, ఇరువైపులా దీపాలను సమంగా పంచినచో రాగి సగానికి పైగా మిగులును. ఇరువైపులా భారం సమంగా పంచవలెనన్న నియమం అప్పుడే పుట్టినది. నేడు మూడు ఫేజుల కనెక్షను తీసుకున్న కార్యాలయంలో శీతలీకరణ యంత్రాలన్నింటినీ ఒకే ఫేజుపై వేయరాదని వైరుమన్ చెప్పే మాట దానికి సోదరుడే.

ఇక రెండవ ప్రశ్న, తీగ మోయగలదా అన్నది. దీనికి సమాధానం ముందుగా శాస్త్రజ్ఞులు కాదు, నష్టపరిహారం చెల్లించవలసినవారు అడిగినారు. న్యూయార్కు నగరపు అగ్నిప్రమాద బీమా సంస్థల మండలి 1881 అక్టోబరులో ఒక నియమావళి జారీచేసినది. విద్యుద్దీపాలు పెట్టుకొనదలచినవారు ఎన్ని దీపాలు, ఏ రకం దీపాలు అన్నది వ్రాసి ఇవ్వవలెను. ఎంత విద్యుత్తు అవసరమో తెలిసిన ఎలక్ట్రీషియన్ వేసిన అంచనా జతపరచవలెను. వాడబోయే తీగ ముక్కను నమూనాగా చూపవలెను. ఆ దీపాలకు అవసరమని లెక్కకు వచ్చిన దానికంటె తీగ సామర్థ్యం నూటికి యాభై పాళ్ళు ఎక్కువ ఉండవలెను. మన దరఖాస్తులోని ఆ గడికి పూర్వీకురాలు ఈ కాగితమే. లోడు అంకె సర్కారు వారి విసిగింపు కాదు. గది కాలిపోకుండా చూచుటకు అడిగే తొలి ప్రశ్న.

తీగ భారానికి మించి వేడెక్కినప్పుడు తానే తెగిపోయి గదిని కాపాడే సన్నని లోహపు ముక్కను, అనగా ఫ్యూజును, ఎడిసన్ తన దీపాల ఏర్పాటులో భాగం చేసినాడు. దానికి 1880 మే 4న హక్కుపత్రం లభించినది. ఇందులో ఒక నీతి ఉన్నది. ఫ్యూజు కాపాడేది గదిలోని యంత్రాలనే కాదు, గోడలోని తీగను. తీగ మోయగల దానికంటె లావు ఫ్యూజు వేసినచో కావలివాడు నిద్రపోవుచుండగా ఇల్లు దోచుకొనిపోయినట్లే. మన ఊళ్ళలో ఫ్యూజు మాటిమాటికీ పోవుచున్నదని లావు రాగితీగ చుట్టే అలవాటు ఎంతటి అపాయమో ఇంతకంటె చెప్పనక్కరలేదు.

ప్రమాదం గొప్పవారి గడపకూ వచ్చినది. ఎడిసన్ సంస్థకు ధనసహాయం చేసిన ప్రసిద్ధ బ్యాంకరు జె. పి. మోర్గన్ తన స్వగృహంలో విద్యుద్దీపాలు పెట్టించుకున్నాడు. గ్రంథాలయపు గదిలో వ్రాతబల్ల దీపానికి తివాచీ క్రిందుగా వేసిన తీగ నుండి మంటలు పుట్టి బల్ల, తివాచీ కాలినవి. అతడు విద్యుత్తును విడనాడలేదు, తీగలను సరిచేయించుకున్నాడు. తివాచీ క్రింద, బీరువా వెనుక, తలుపు సందున తీగ వేయరాదన్న నియమం ఆనాటి నుండి నేటివరకు చెల్లుచునే ఉన్నది.

ఇట్లు లెక్కలు, నియమాలు, నమూనాలు సిద్ధమైన పిమ్మట 1882 సెప్టెంబరు 4వ తేదీ మధ్యాహ్నం మూడు గంటలకు పెర్ల్ స్ట్రీట్, 257వ సంఖ్య భవనంలోని విద్యుత్కేంద్రం పనిచేయ నారంభించినది. ఎడిసన్ ఆ సమయాన మోర్గన్ గారి వ్యాపార కార్యాలయంలో ఉన్నాడు. ఆ రోజు వెలిగిన దీపాలు సుమారు నాలుగువందలు. న్యూయార్కు టైమ్స్ పత్రిక కార్యాలయం వాటిలో ఒక భాగస్వామి. సంపాదకవర్గపు గదులలో 27, లెక్కల గదులలో 25, మొత్తం 52 దీపాలు అక్కడ అమర్చినారు. పాత గ్యాసు దీపస్తంభాలకే కంచు చేతులు తగిలించి, వాటి చివర ఈ దీపాలను వ్రేలాడదీసినారు. పగటి వెలుగు ఉన్నంత సేపు వాటి గొప్ప తెలియలేదు. సాయంకాలం ఏడు గంటల ప్రాంతాన చీకటి పడినప్పుడు గుమాస్తాలు, విలేఖరులు ఆ వెలుగు విలువ గుర్తించినారు. మరునాటి పత్రికలో ఆ సంగతి అచ్చయినది.

ఆ కార్యాలయపు లోడు ఎంత ఉండవచ్చునో మనం ఇప్పుడు లెక్కించి చూడవచ్చును. పెర్ల్ స్ట్రీట్ డైనమో ఒక్కొక్కటి సుమారు 100 కిలోవాట్టుల శక్తి గలది. సుమారు 1,200 దీపాలను వెలిగించగలది. అనగా దీపానికి 83 వాట్టుల చొప్పున పడును. 52 దీపాలకు దాదాపు 4,300 వాట్టులు. దానిని 110 వోల్టులతో భాగించగా 39 ఆంపియర్లు. కేవలం దీపాలకే ఒక పత్రికా కార్యాలయం 39 ఆంపియర్ల ప్రవాహం తీసుకున్నదన్న మాట. ఈ అంకెను శ్రోతలు గుర్తుంచుకొనవలెను. దీనితో మనకు మరల పని ఉన్నది.

మూడవ ప్రశ్న ఖర్చుకు సంబంధించినది. పెర్ల్ స్ట్రీట్ వారు మొదట కొన్ని నెలలు రుసుము తీసుకోలేదు. 1883 జనవరిలో అన్సోనియా ఇత్తడి, రాగి కంపెనీకి 50 డాలర్ల 44 సెంట్లకు తొలి బిల్లు పంపినారు. వాడకాన్ని కొలిచినది ఒక రసాయన మీటరు. ద్రావకంలో ముంచిన రెండు జింకు పలకల నడుమ కొద్ది ప్రవాహం పారును. ఒక పలకపై పేరుకున్న జింకును నెలకొకసారి తూచి లెక్క కట్టుదురు. ఇంతవరకు న్యాయమే. కాని ఇందులో ఒక లోపం దాగి ఉన్నది. రోజంతా రెండు దీపాలు వెలిగించే గిడ్డంగి, సాయంత్రం ఒక్క గంట మాత్రం నలభైయెనిమిది దీపాలు వెలిగించే కార్యాలయం, రెండూ వాడిన విద్యుత్తు ఒకటే కావచ్చును. కాని ఆ రెండవ దానికోసం కంపెనీ ఇరువదినాలుగు రెట్లు పెద్ద యంత్రాన్ని, లావు తీగలను సిద్ధంగా ఉంచవలెను.

శీతల దేశాల కార్యాలయాలలో ఇది తీవ్రమైన సమస్య. డిసెంబరులో సూర్యుడు నాలుగు గంటలకే అస్తమించును. గుమాస్తాలు ఇంకా బల్లల వద్దనే ఉందురు; దుకాణాలు తెరచియుండును; ఇళ్ళలోను దీపాలు వెలుగును. ఆ ఒకటి రెండు గంటల ఉద్ధృతికై కొన్న యంత్రం తక్కిన ఇరువదిరెండు గంటలు ఊరక కూర్చుండును. ఇంగ్లండులో కర్నల్ క్రాంప్టన్ 1891లో దీనికి లోడు గుణకం అని పేరు పెట్టినాడు. సగటు వాడకాన్ని గరిష్ఠ వాడకంతో భాగించగా వచ్చే నిష్పత్తి అది. 1892 నవంబరులో జాన్ హాప్కిన్సన్ యువ ఇంజనీర్ల సంఘంలో చేసిన అధ్యక్షోపన్యాసంలో విద్యుత్తు ధరలో రెండు భాగాలున్నవని స్పష్టపరచినాడు. ఒకటి, అడిగినప్పుడు ఇచ్చుటకు సిద్ధంగా ఉన్నందుకు. రెండు, ఇచ్చిన దానికి. నేడు మన బిల్లులో స్థిరరుసుము, యూనిట్ల రుసుము అని రెండు పంక్తులు కనిపించునే, వాటి జన్మస్థానం ఆ ఉపన్యాసమే.

గరిష్ఠ డిమాండును కొలిచే సాధనం బ్రైటన్ పట్టణపు విద్యుత్ ఇంజనీరు ఆర్థర్ రైట్ తయారుచేసినాడు. ప్రవాహం ఒక గాజు బుడ్డిలోని గాలిని వేడిచేయును. వ్యాకోచించిన గాలి ద్రవాన్ని నెట్టగా, అది పొంగి ప్రక్క గొట్టంలో పడి అక్కడే నిలిచిపోవును. వాడకం తగ్గినా ద్రవం వెనుకకు రాదు. నెలాఖరున వచ్చి చూచినవానికి ఆ నెలలో అత్యధికంగా వాడినది ఎంతో కళ్ళెదుట కనిపించును. ఒకప్పుడు ఎడిసన్‌కు కార్యదర్శిగా పనిచేసి, తరువాత షికాగో విద్యుత్ కంపెనీకి అధ్యక్షుడైన శామ్యూల్ ఇన్సల్ 1894లో బ్రైటన్ వెళ్ళినప్పుడు ఈ పద్ధతి అతని కంటబడినది. షికాగోలో దానిని అమలుపరచి, పగటివేళ కార్యాలయాలు, ఉదయ సాయంకాలాలు ట్రాములు, రాత్రి ఇళ్ళు, వేర్వేరు వేళల వాడకాలను కలిపి ఒకే యంత్రంతో నడుపుట లాభసాటి అని అతడు నిరూపించినాడు. అందరి గరిష్ఠ వాడకాలూ ఒకే క్షణాన రావు అన్న ఈ సత్యాన్నే ఇంజనీర్లు వైవిధ్య గుణకం అందురు. ఎడిసన్ మనుష్యులు చేతి పుస్తకాలలో చూచిన సంగతి ఇన్సల్ చేతిలో వ్యాపార సూత్రమైనది.

ఈలోగా నియమాలు కూడా గ్రంథస్థమైనవి. లండనులో తంతి ఇంజనీర్ల సంఘం 1882 జూనులో విద్యుద్దీపాల వలని అగ్నిభయాన్ని నివారించే నియమాలను కొద్ది పుటలలో ప్రకటించినది. అమెరికాలో వేర్వేరు సంస్థల నియమాలను క్రోడీకరించి 1897లో జాతీయ విద్యుత్ నియమావళి వెలువరించినారు. కాలక్రమాన దీపాలను ఒక్కొక్కటిగా లెక్కించే శ్రమ లేకుండా, గది వైశాల్యాన్ని బట్టి లోడు అంచనా వేసే పద్ధతి అందులో చేరినది. కార్యాలయపు దీపాలకు చదరపు అడుగుకు మూడున్నర వోల్టు-ఆంపియర్లు అన్నది చాలాకాలం చెల్లిన అంకె. 2020 ప్రతిలో అది 1.3కు దిగినది. ఆరువందల చదరపు అడుగుల గదికి పాత లెక్కను 2,100. కొత్త లెక్కను 780. గది మారలేదు, మనుష్యుల కళ్ళు మారలేదు, దీపం మారినది. అంకెలు శాసనాలు కావు, కాలానికి తగినట్లు దిద్దుకొనవలసినవని దీనివలన తెలియును.

మన దేశానికి ఈ విద్య త్వరగానే వచ్చినది. కలకత్తా నగరంలో 1899లో విద్యుత్ సరఫరా ఆరంభమైనది. అక్కడి వర్తక సంఘాల కార్యాలయాలలో దీపంతోపాటు ఇంకొక అవసరం ముందుకు వచ్చినది, అది గాలి. పంకా త్రాడు లాగుచు గది బయట కూర్చున్న మనిషి స్థానాన్ని విద్యుత్ పంకా ఆక్రమించినది. హైదరాబాదులో హుస్సేన్‌సాగర్ ఒడ్డున విద్యుత్కేంద్రం 1920లో వెలసినది. శీతల దేశపు కార్యాలయంలో భారం చలికాలపు సాయంత్రం పెరుగును. మన కార్యాలయంలో అది వేసవి మధ్యాహ్నం పెరుగును. అందుచేత పరదేశపు పట్టికలోని అంకెలను ఉన్నదున్నట్లు ఎత్తి వ్రాసుకొనరాదు. తీగల అమరికకు సంబంధించిన భారత ప్రమాణం 732 దీపాలు, పంకాల సర్క్యూటుకు పది పాయింట్లు, 800 వాట్టులు హద్దుగా పెట్టినది. అసలు అంకె తెలియనప్పుడు దీపానికి 60, పంకాకు 60, చిన్న ప్లగ్గుకు 100, పెద్ద ప్లగ్గుకు 1,000 వాట్టుల చొప్పున వేసుకొనుట మన వైరుమన్‌లకు తరతరాలుగా కంఠస్థం.

ఇప్పుడు ఈ చరిత్ర నేర్పిన పాఠంతో మన ఊరి చిన్న కార్యాలయానికి లెక్క కట్టి చూతము. గదిలో ఇరవై వాట్టుల ఎల్.ఇ.డి. దీపాలు పన్నెండు; 240 వాట్టులు. డెబ్బదియైదు వాట్టుల పంకాలు నాలుగు, 300. కంప్యూటర్లు ఆరు, ఒక్కొక్కటి 150 చొప్పున 900. అచ్చుయంత్రం 1,000. శీతలీకరణ యంత్రాలు రెండు, ఒక్కొక్కటి 1,600 చొప్పున 3,200. తేనీటి కెటిలు 1,500. మొత్తం 7,140 వాట్టులు. ఇది అమర్చిన లోడు. 230 వోల్టులతో భాగించగా 31 ఆంపియర్లు దాటును.

మొదటి ప్రశ్న: అన్నీ ఒకేసారి నడుచునా? దీపాలు, పంకాలు, కంప్యూటర్లు, శీతలీకరణ యంత్రాలు వేసవి మధ్యాహ్నం తప్పక కలిసి నడుచును. వాటిలో తగ్గింపు చూపుట ఆత్మవంచన. అచ్చుయంత్రం, కెటిలు కొద్ది నిమిషాలు మాత్రం పూర్తి శక్తి తీసుకొనును. రెండింటిలో పెద్దదానిని లెక్కలోనికి తీసుకొందము. అప్పుడు 6,140 వాట్టులు, అనగా సుమారు 27 ఆంపియర్లు. మోటార్ల స్వభావం వలన, వాట్టులను బట్టి వచ్చిన దానికంటె ప్రవాహం కొంత ఎక్కువ ఉండును. కనుక 30 ఆంపియర్లు అనుకొనవచ్చును.

రెండవ ప్రశ్న: తీగ మోయునా? గంటల తరబడి విడువక నడిచే భారానికి నూటికి ఇరవైయైదు పాళ్ళు అదనంగా చూచుకొనుట అమెరికా నియమావళిలోని ఆచారం. ఆ చొప్పున ప్రధాన తీగ, దాని స్విచ్చి 37.5 ఆంపియర్లకు తగ్గకూడదు. లోపలి సర్క్యూట్లలోను శ్రద్ధ కావలెను. దీపాలు, పంకాలు కలిసి 540 వాట్టులే. 800 లోపే ఉన్నవి. కాని పాయింట్లు పదహారు, పది దాటినవి. కనుక రెండు సర్క్యూట్లు వేయవలెను. ఒకటి చెడినా గది అంతా చీకటి కాకుండుట దీనివలన కలిగే అదనపు లాభం. ప్రతి శీతలీకరణ యంత్రానికి దాని తీగ, దాని స్విచ్చి విడిగా ఉండవలెను. కెటిలును కంప్యూటరు బల్ల క్రింది పొడిగింపు బోర్డుకు తగిలించరాదు.

మూడవ ప్రశ్న: ఖర్చు. 7,140 వాట్టులకు ఒప్పందం చేసికొనుటయా, 6,140కా? వచ్చే ఏడాది ఇద్దరు గుమాస్తాలు పెరుగుదురా, మరియొక యంత్రం వచ్చునా అన్నది యజమానికే తెలియును. స్థిరరుసుము మిగులుననే ఆశతో ఉన్నదానికంటె తక్కువ వ్రాయించుట మాత్రం తగదు. నేటి ఎలక్ట్రానిక్ మీటరులో గరిష్ఠ డిమాండును నమోదుచేసే ఏర్పాటు ఉన్నది. రైట్ గారి గాజు గొట్టం వలెనే అది మరువదు. అంతకంటె ముఖ్యం, మన అంకెను నమ్మియే వీధిలోని ట్రాన్స్‌ఫార్మరు పరిమాణం నిర్ణయమగును. వీధిలో పదిమంది తక్కువ వ్రాయించినచో ఆ లోటు పదకొండవ వాని ఇంట దీపం ఎఱ్ఱబారుటలో తేలును. లోడు అంకె మన సొంత గుట్టు కాదు, ఇరుగుపొరుగులకు మనం ఇచ్చే మాట.

శ్రోతలు గుర్తుంచుకొన్న అంకెను ఇప్పుడు తలచుకొందము. 1882లో 52 దీపాల పత్రికా కార్యాలయం 39 ఆంపియర్లు తీసుకున్నది. నేటి మన చిన్న కార్యాలయపు ప్రధాన తీగకు అడిగినది 37.5. తీగ దాదాపు అదే. కాని ఆ 52 దీపాలు ఇచ్చిన వెలుగును నేటి ఎల్.ఇ.డి.లతో దీపానికి రెండు వాట్టుల చొప్పున, నూరు వాట్టుల ప్రాంతంలోనే పొందవచ్చును. దీపం తీసుకొనుట మానిన శక్తిని కంప్యూటరు, శీతలీకరణ యంత్రం, కెటిలు పంచుకున్నవి. తరము మారినకొద్దీ భారం ఒక వస్తువు నుండి మరియొక వస్తువుకు మారును. గోడలోని రాగి మాత్రం దేని కోసం వేడెక్కుచున్నదో ఎరుగదు. జూల్ కనుగొన్న నియమం దానికి నాడెంతో నేడూ అంతే.

అందుచేత లోడు లెక్క కనెక్షను తీసుకున్ననాడు ఒక్కసారి వేసి మరచిపోవలసినది కాదు. గదిలోనికి కొత్త యంత్రం వచ్చిన ప్రతిసారీ ఒక కాగితం తీసి, ఉన్నవి ఎన్ని, కలిసి నడిచేవి ఎన్ని, తీగ మోసేది ఎంత అని మూడు వరుసలు వ్రాసుకొనవలెను. కూడికలు, భాగహారం వచ్చినవారికి అర్ధగంట పని. పెర్ల్ స్ట్రీట్ విద్యుత్కేంద్రమే 1890 జనవరిలో అగ్నికి ఆహుతియైనది. అంతటి నిపుణుల యింటనే నిప్పు పుట్టినప్పుడు, మన గది గోడలో దాగిన తీగపై ఏడాదికొక అర్ధగంట వెచ్చించుట అధికం కాదు.